సుల్తానుకు వెళ్లిన నలుగురు కవులు

ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ‘ముహబ్బత్ నామా’ అనే రాతప్రతి ఉంది. లుత్ఫీ, నవాయీ, ఫుజూలీ, అమీరీ అనే నలుగురు తుర్కీ (టర్కీ నుంచి మధ్య ఆసియా దాకా తుర్కు జాతులు మాట్లాడే భాషలు) కవుల దివాన్లు, అంటే గజళ్ల సంపుటాలు, అందులో ఒక్కచోట చేరాయి. మొదటి ఇద్దరిదీ ఇప్పటి అఫ్గానిస్థాన్‌లోని హెరాత్. ఫుజూలీ ఇరాక్‌లో బతికి 1556లో అక్కడే పోయాడు. ఈనాడు నవాయీని ఉజ్బెకిస్థాన్, ఫుజూలీని అజర్‌బైజాన్ తమ మహాకవిగా నెత్తిన పెట్టుకుంటాయి. పుస్తకం మాత్రం టర్కీలో ఉంది. ఎందుకో తెలియాలంటే నాలుగో కవి దగ్గరకు వెళ్లాలి.

అమీరీ అన్నది, ఇప్పటి ఉజ్బెకిస్థాన్‌లోని ఫర్గానా లోయను ఏలిన కోకంద్ రాజ్య పాలకుడు ఉమర్ ఖాన్ కలం పేరు. అన్న ఆలిం ఖాన్ హత్య తర్వాత, 1810 ప్రాంతంలో గద్దెనెక్కి 1822లో చనిపోయే దాకా ఏలాడు. చెంగిజ్ ఖాన్ రక్తం లేనివాడు ఖాన్ కాలేడన్నది మధ్య ఆసియాలో పాత పట్టింపు. అందుకే ఆ వంశం ఒక బంగారు ఊయల కథ చెప్పుకుంది: బాబర్ సమర్‌ఖంద్ వదిలి పారిపోతూ ఫర్గానాలో విడిచిన పసిబిడ్డే తమ మూలపురుషుడట. ఇంట్లో ఎంత చెల్లినా, పక్కనున్న బుఖారా రాజ్యం ఈ కథను ఒప్పుకోవద్దూ? పెద్దదిక్కు కావాలి. ఇస్తాంబుల్‌లో రెండో మహమూద్ ఒట్టోమన్ సుల్తాను, పైగా ఖలీఫా. ఈ రాతప్రతి ఆయనకు కోకంద్ పంపిన కానుక.

కానుకగా కవిత్వమే ఎందుకు? మహమూద్ స్వయంగా చేయి తిరిగిన లిపికారుడు. నవాయీ రాసిన చగతాయ్ తుర్కీ, అంటే మధ్య ఆసియా సాహిత్య భాష, ఒట్టోమన్లకు అంత తేలిగ్గా కొరుకుడు పడేది కాదు. అయినా ఆయన్ను చదువుకోవడానికి 16వ శతాబ్దంలోనే వాళ్లు నిఘంటువు తయారుచేసుకున్నారు. పారసీకం ముందు తుర్కీ దేనికీ తీసిపోదని 1499లో వాదానికి దిగిన నవాయీ, ఏడుపునే ఉదాహరణగా తీసుకున్నాడు. గొంతెత్తి ఏడవడం, వెక్కడం, మూలగడం, ఏడుస్తున్నట్టు నటించడం, ఒక్కోదానికి తుర్కీలో ఒక్కో క్రియ ఉందని ఏకరువు పెట్టాడు.

పాలకులు తుర్కీలో రాయడం కొత్తేమీ కాదు. ఇరాన్ ప్రాంతాన్ని ఏలిన కారా కొయున్లు అనే తుర్కు వంశపు పాలకుడు జహాన్ షా 15వ శతాబ్దంలో ‘హకీకీ’ పేరుతో రాశాడు. మన గోల్కొండ కుతుబ్ షాహీలు ఆ వంశం వాళ్లే. ఉమర్ ఖాన్ తెగువ వేరు. నవాయీ, ఫుజూలీల బాణీలోనే గజళ్లు అల్లి, వాళ్ల పక్కనే పీట వేసుకుని, ఆ పంక్తిని సుల్తాను ముందుంచాడు. వంశవృక్షంలో దొరకని వారసత్వాన్ని పుస్తకంలో రాయించుకున్నాడన్నమాట. నాకైతే ఊయల కథకన్నా ఇదే తెలివైన పని అనిపిస్తుంది.

ఆయన భార్య మహ్లర్ అయిం కూడా కవయిత్రే, కలం పేరు నాదిరా. భర్త పోయాక ఆమె రాసిన విరహ గజళ్లను ఉజ్బెకిస్థాన్‌లో ఇప్పటికీ చదువుతారు. 1842లో బుఖారా అమీరు కోకంద్‌ను పట్టుకుని ఆమెను చంపించాడు. సుల్తానుకు వెళ్లిన నలుగురిలో ఆమె లేదు.