బెంజి సర్కిల్లో నాచు తొట్టె పెడితే

సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో 2021లో రోడ్డు పక్కన 600 లీటర్ల గాజు తొట్టె ఒకటి పెట్టారు. పేరు లిక్విడ్-3. అందులోని సూక్ష్మ నాచు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని, పదేళ్ల వయసున్న రెండు చెట్ల పని చేస్తుందని తయారుచేసినవాళ్లు చెబుతారు. అలాంటిదే విజయవాడ బెంజి సర్కిల్లో పెడితే?

ఎండు నాచు బరువులో దాదాపు సగం కర్బనమే. కిలో నాచు పెరగాలంటే 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ కావాలి. లీటరుకు రోజుకు 0.2 గ్రాములు పెరిగితే మంచి దిగుబడే. అంటే 600 లీటర్లకు 120 గ్రాముల నాచు, అది పట్టుకునే వాయువు 220 గ్రాములు. లీటరు పెట్రోలు కాలితే వచ్చేది 2.3 కిలోలు. ఆ ఒక్క లీటరు లెక్క తీర్చడానికే తొట్టెకు పది రోజులు పడుతుంది.

ఘనమీటరు గాలిలో ఈ వాయువు సుమారు ముప్పావు గ్రామే ఉంటుంది. కాబట్టి రోజంతా గాలి కొట్టాలి. 50 వాట్ల పంపు రోజుకు 1.2 యూనిట్లు తాగుతుంది. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల వాయువు, అంటే 840 గ్రాములు. సోలార్ లేకపోతే పట్టుకున్నదానికి దాదాపు నాలుగింతలు వదిలినట్టే!

ఇక ఎండ. క్లోరెల్లా అనే రకం నాచుకు 25-30 డిగ్రీలు హాయి, 40 దగ్గర చచ్చిపోతుంది. మే నెల బెజవాడలో గాజు తొట్టె అంతకు మించి కాగుతుంది. 35-37 డిగ్రీలు ఇష్టపడే స్పైరులినాయే నయం, దానికీ మధ్యాహ్నం గ్రీన్ నెట్ తప్పదు. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేదాకా ఒక రోజు గాలి కొట్టాలి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువైతే అడుగున తెల్లగా పేరుకుని, ఫాస్ఫేట్‌ను కూడా తనతో దించేస్తుంది. స్పైరులినాకు లీటరుకు 8 గ్రాముల తినే సోడా వేస్తారు. అది మొదట తినేది ఆ సోడాలోని కర్బనాన్నే, గాలిలోదాన్ని కాదు. ప్రచారాల్లో ఈ మాట వినపడదు.

నాచు ఎంత చిక్కబడిందో తెలియాలంటే కర్రకు తెల్లటి మూత బిగించి తొట్టెలో ముంచండి. మూడు సెంటీమీటర్ల లోతులోనే కనపడకుండా పోతే కోతకొచ్చినట్టు. పావు వంతు నీళ్లు తీసి, సన్నటి నైలాన్ గుడ్డలో వడకట్టి, వడిసిన నీళ్లు తిరిగి పోయాలి. ఆలస్యమైతే పైనున్న నాచే కిందిదానికి వెలుతురు తగలనివ్వదు. వెలుతురు లేని నాచు, రాత్రిపూటలాగే, ఆక్సిజన్ ఇవ్వకపోగా వాడుకుంటుంది. గాజుకు అంటుకున్న పొర గీకకపోయినా ఇదే గతి. రోడ్డు పక్క నాచు తినడానికి పనికిరాదు. బందరు కాలవలో పారబోస్తే కుళ్లి, పట్టుకున్నదంతా మళ్లీ గాల్లో కలుస్తుంది.

ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొగ పట్టించొచ్చు కదా అంటారు. బొగ్గు పొగలో ఈ వాయువు 12-14 శాతం ఉంటుంది, నిజమే. కానీ హెక్టారు నాచు చెరువు రోజంతా పట్టేది సుమారు 270 కిలోలు. 500 మెగావాట్ల యూనిట్ అంత వాయువును రెండు మూడు సెకన్లలో వదిలేస్తుంది.

మురుగునీటి శుద్ధి దగ్గర మాత్రం నాచుకు అసలు విలువ ఉంది. అక్కడ బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందించడానికే కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది. పగటిపూట ఆ పని నాచు ఉచితంగా చేస్తుంది, అమ్మోనియాను, ఫాస్ఫేట్‌ను తినేస్తుంది. కాలిఫోర్నియాలో విలియం ఆస్వాల్డ్ అనే ఇంజనీరు 1950ల్లోనే ఈ పద్ధతికి రూపమిచ్చారు: 30 సెంటీమీటర్ల లోతు చెరువు, నీళ్లు మెల్లగా తిరిగే ఏర్పాటు. మనిషికి వంద లీటర్ల మురుగు, ఆరు రోజుల నిల్వ అనుకుంటే తలకు రెండు చదరపు మీటర్లు కావాలి. పది లక్షల మందికి దాదాపు 500 ఎకరాలు. విజయవాడలో ఆ నేల ధర అడగకపోవడమే మంచిది. గుంటూరు శివార్లలో వెయ్యి మంది ఉండే హాస్టల్‌కైతే అరెకరం చాలు. చిక్కల్లా కోత దగ్గరే: మురుగులో పెరిగే నాచు గుడ్డలో ఆగదు, పటిక వేసి ముద్దగా పేరుకునేలా చేయాలి. అలా తీసిన బురదలో అల్యూమినియం మిగిలిపోతుంది, పొలానికి తోలే ముందు పరీక్ష చేయించాలి.