వెయ్యి ఏంటి తాతయ్యా?

చిరంజీవులు సహస్రకూ, చిన్నాకూ తాతయ్య ఆశీస్సులు.

మొన్న సహస్ర ఫోన్లో ముక్కు ఎగబీలుస్తూ చేసిన ఫిర్యాదు విన్నాను. క్లాసులో ముగ్గురు సహస్రలట. హాజరు పిలిచేటప్పుడు టీచరు ఇంటిపేరులో మొదటి అక్షరం తగిలిస్తారట. అది చాలదన్నట్టు పక్క బెంచీ పిల్లవాడు "నీది పేరు కాదు, అంకె" అన్నాడట. ఇంట్లో చిన్నా కూడా "ఏయ్ వెయ్యీ" అని పిలుస్తున్నాడట. ఒరే చిన్నా, ఈ ఉత్తరం నువ్వూ చదవాలి.

ఆ పిల్లవాడన్నది అబద్ధం కాదమ్మడూ. సహస్రం అంటే వెయ్యే. పేర్ల పుస్తకాల్లోనూ నెట్‌లోనూ "కొత్త ఆరంభం" అని అర్థం రాస్తుంటారు. ఒకరు రాసింది ఇంకొకరు దించుకున్నట్టుంది. సంస్కృతంలో ఆ మాటకు ఆ అర్థం లేదు.

కానీ వెయ్యి అంటే 999 తర్వాత వచ్చేదేనా? ఋగ్వేదం పదో మండలంలో పురుషసూక్తం ఉంది. "సహస్రశీర్షా పురుషః" అని మొదలవుతుంది, అంటే వెయ్యి తలలవాడు. ఆ వెంటనే "సహస్రాక్షః", వెయ్యి కళ్ళవాడు. చిన్నా, నీకు లెక్కలంటే ఇష్టం కదా, వెయ్యి తలలకు కళ్ళెన్ని ఉండాలి? రెండు వేలు. మరి వెయ్యే అన్నారేం? వాళ్ళకు లెక్క రాక కాదు. ఇక్కడ సహస్రమంటే లెక్కకు అందనన్ని అని సాయణాచార్యులు వ్యాఖ్యానం రాశారు. మనమూ అంతేగా. "నీకు వెయ్యిసార్లు చెప్పాను" అని మీ అమ్మ అరిచినప్పుడు ఎవరు లెక్కపెట్టారు? సహస్ర పుట్టిన రోజు మీ అమ్మమ్మ ఆస్పత్రి వరండాలో కూర్చుని ఆ తలుపు వంకే వెయ్యి కళ్ళతో చూసింది. ఉన్నవి రెండే, అందులో ఒకదానికి అప్పటికే శుక్లం.

ఇంకో సంగతి. పాతకాలంలో ఈ మాట ఒంటరిగా ఆడపిల్ల పేరు కాలేదు. పేర్లలో ఎప్పుడూ ముందు సగంగానే కనిపిస్తుంది. సహస్రకిరణుడంటే సూర్యుడు, సహస్రపత్రమంటే తామర, సహస్రాక్షుడంటే ఇంద్రుడు. అమ్మమ్మ శుక్రవారం చదివే లలితా సహస్రనామంలో "సహస్రశీర్షవదనా సహస్రాక్షీ సహస్రపాత్" అని మూడు పేర్లు వరసగా వస్తాయి. వెయ్యి తర్వాత ఏదో ఒకటి ఉండి తీరుతుంది: తలలో, కళ్ళో, పాదాలో. మన కాలంవాళ్ళు ఆ రెండో సగం తీసేసి, సంస్కృతంలోని సీతా మనకు సీత అయినట్టు సహస్రాని సహస్ర చేసి పిల్లలకు పెట్టుకున్నారు. నీకు ఆరేళ్ళప్పుడు "వెయ్యి ఏంటి తాతయ్యా?" అని అడిగావు, గుర్తుందా? అప్పుడు నాకు జవాబు తోచక చాక్లెట్ ఇచ్చి తప్పించుకున్నాను. వెయ్యి తర్వాత మిగిలిన ఆ ఖాళీ నాకు ఇప్పటికీ ఇష్టమే.

దీని చుట్టాలు ఎక్కడెక్కడ ఉన్నారో చూడు. పారశీకంలో వెయ్యిని హజార్ అంటారు, హిందీకి అక్కణ్ణుంచే వచ్చింది. సప్త అక్కడ హఫ్త్ అయినట్టే, సహస్రలోని స కూడా అక్కడ హ అయింది. గ్రీకులో ఖీలియోయ్ అంటే వెయ్యి. ఫ్రాన్సువాళ్ళు 1795లో మెట్రిక్ కొలతలకు దాన్నే కుదించి కిలో అన్నారు. అంటే కిలో బియ్యంలో కిలో, నీ పేరూ ఒకే మూలం నుంచి వచ్చాయన్నమాట. చిన్నా, "వెయ్యీ" అని విసుగొస్తే ఇక "కిలో" అంటావేమో, ఆ పని మాత్రం చెయ్యకు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముచ్చటైన విషయం. కన్నడంవాళ్ళు వెయ్యిని సావిర అంటారు, తమిళులూ మలయాళీలూ ఆయిరం అంటారు. రెండూ సహస్రం అరిగి అరిగి తయారైన మాటలే. దక్షిణాది పెద్ద భాషల్లో వెయ్యికి సొంత మాట నిలుపుకొన్నది తెలుగొక్కటే. అందుకే మన డబ్బు లెక్కలు, జీతాలు, అప్పులు అన్నీ వెయ్యి మోసింది. సహస్రం బజారుకు పోకుండా పూజగదిలోనే ఉండిపోయింది. పక్కవాళ్ళు రోజూ చిల్లరలా లెక్కపెట్టే మాట మనకు పాపాయి పేరుగా పనికొచ్చిందంటే కారణం ఇదేనని నా ఊహ.

మరి ఇంతమంది ఎందుకు పెట్టుకున్నారంటావా? ముప్పై ఏళ్ళు హాజరు పట్టీ పిలిచినవాణ్ణి, నాకు తెలిసింది చెబుతాను. మా నాయనమ్మ కాలంలో చివర అమ్మ లేని పేరు లేదు. తర్వాత లక్ష్మిలూ కుమారిలూ వచ్చారు. ఒక ఏడాది నా తరగతిలో నలుగురు సునీతలు. పిలిస్తే నలుగురూ లేచేవాళ్ళు. ఇప్పుడు మీ వంతు: ఆద్యలు, అన్వితలు, సహస్రలు. దేవుడి వాసన ఉండాలి కానీ నాయనమ్మ పేరులా వినపడకూడదు, మూడక్షరాల్లో అయిపోవాలి, జాతకానికీ కుదరాలి. నీది శతభిషా నక్షత్రం, దానికి గో, సా, సీ, సూ అక్షరాలు. శతభిషమంటే వందమంది వైద్యులని అర్థం. వందలో పుట్టి వెయ్యివయ్యావు.

చివరిగా ఒక చిన్న గొడవ. నీ పురుటి కాగితంలో ఎవరో "సహస్త్ర" అని కొట్టారు. శస్త్రం, వస్త్రం అలవాటై వేళ్ళు వాటంతట అవే త వత్తు పెట్టేస్తాయి. దాన్ని దిద్దించడానికి మీ నాన్న మూడుసార్లు తిరిగాడు. నీ పేరులో త లేదు. సకు క్రారవడి, అంతే. మొన్న నీ పుట్టినరోజు కార్డు మీద నువ్వే త పెట్టావు, నేను చూశాను. జవాబు రాసేటప్పుడు కింద పేరు తెలుగులో రాయి. ఎర్ర పెన్ను దగ్గర పెట్టుకుని కూర్చుంటాను.

ఇట్లు
మీ తాతయ్య