నాలుగు వాక్యాల సినిమా తీర్పు: అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటూ సినిమాల మీద రాస్తున్నాను. ఒక్కో సినిమాకు నాలుగైదు వాక్యాలు, అంతే. మాకు ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, ఫోనులో అన్ని భాషలూ. ఆటో ఎక్కితే కాసేపట్లో పాతపట్నం, అంటే ఆంధ్రప్రదేశ్. రెండు వైపులా నన్ను అడిగే ప్రశ్నలు మాత్రం ఒకటే. వాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: చిన్న రివ్యూ అంటే సినిమా సగం చూసి రాసేది.

పొడుగు వ్యాసంలో దాక్కోవడానికి చోటు ఉంటుంది. కథ చెప్పి ఒక పేరా, నటీనటుల పేర్లతో ఒక పేరా, సంగీతం బాగుంది, కెమెరా పనితనం బాగుంది అంటూ ఇంకొకటి నింపేయవచ్చు. నాలుగు వాక్యాల్లో ఆ వీలు లేదు. అందుకే రాయదలచిన సినిమాను రెండుసార్లు చూస్తాను. మొదటిసారి అందరితో కలిసి, రెండోసారి కాగితం పక్కన పెట్టుకుని.

2023లో వచ్చిన 'బలగం' గురించి మొదట రాసుకున్నది పన్నెండు వాక్యాలు. అందులో 'హృద్యంగా' అనే మాట రెండుసార్లు, 'గుండెను పిండేసింది' ఒకసారి. అవి ఏ సినిమాకైనా అతికే మాటలు, కాబట్టి కొట్టేశాను. కథను వరుసగా చెప్పిన ఐదు వాక్యాలూ తీసేశాను, ఎందుకంటే అది చూసేవాళ్లకు దక్కాల్సినది. చివరికి మిగిలింది ఇది: 'చనిపోయిన పెద్దాయనకు పెట్టిన పిండాన్ని కాకి ముట్టదు. ఎందుకు ముట్టదని వెతుక్కుంటూ పోతే ఎన్నో ఏళ్ల కిందటి ఒక నల్లి బొక్క దగ్గర తేలుతాం. అంత చిన్న ఎముక మీద ఇంత పెద్ద కుటుంబం గొడవను నిలబెట్టారు దర్శకుడు వేణు యెల్దండి. మనవడి అప్పుల కథ కొంత సాగింది, చావు తరువాత మాత్రం ఒక్క నిమిషమూ వృథా కాలేదు.'

ఈ నాలుగు వాక్యాలకు మూడు రాత్రులు పట్టింది. గిడుగు రామమూర్తి పంతులు ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పారు, రాసే భాష జనం మాట్లాడే భాషకు దగ్గరగా ఉండాలని జీవితమంతా పోరాడారు. నా కలం నుంచి బరువైన విశేషణం జారినప్పుడల్లా ఆయన గుర్తొస్తారు.

అపోహ: స్టార్లు చూస్తే చాలు, రాసింది చదవనక్కర్లేదు.

మా అక్క కూతురు ఫోన్ చేస్తే మొదటి మాట ఇదే: 'పిన్నీ, ఎన్ని స్టార్లు?' నేను స్టార్లు ఇవ్వను. బాగా మొదలై చివర చతికిలబడిన సినిమాకూ, మొదట నీరసంగా ఉండి చివర లేచి నిలబడిన సినిమాకూ మూడే వస్తాయి. ఆ రెండూ ఒకటి కావు. ఒక పత్రికకు రాసే రోజుల్లో, నేను మూడు ఇచ్చిన సినిమాకు మూడున్నర అచ్చయింది. అడిగితే 'అర స్టారే కదమ్మా' అన్నారు. ఆ వారం నుంచి అంకెలు మానేశాను. మా పిల్లకు మాత్రం అడిగినప్పుడల్లా విడిగా చెప్తాను: అమ్మమ్మతో చూడొచ్చా, పరీక్షలయ్యాక చూడాలా అని. తనకు నిజంగా కావలసింది అదే.

అపోహ: డాక్యుమెంటరీ అంటే ఉన్నది ఉన్నట్టు చూపేది. దానికి తీర్పు ఏమిటి?

నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇది. కెమెరాను ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు ఆపాలో, ఏది పారేయాలో ఒక మనిషి నిర్ణయిస్తేనే డాక్యుమెంటరీ తయారవుతుంది. 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' కోసం కార్తికి గొన్సాల్వెస్ సుమారు 450 గంటల దృశ్యాలు తీశారు. మనం చూసింది నలభై నిమిషాలు. అంటే పదకొండు గంటలకు పైగా తీసిన దానిలోంచి ఒక నిమిషం నిలిచింది. ఆ ఒక్క నిమిషమే ఎందుకు అని అడగడమే నా పని.

ఆ చిత్రానికి 2023లో ఆస్కార్ వచ్చింది. ముదుమలై అడవిలో తల్లి లేని ఏనుగు పిల్లను బొమ్మన్, బెళ్లి అనే ఇద్దరు పెంచిన తీరు చూస్తుంటే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి. మా వీధిలో పదిమందిమి కలిసి చూశాం. అయిపోయాక, చెరకు వేసే ఒక పెద్దాయన మెల్లగా అన్నారు: 'బిడ్డలా పెంచారమ్మా, దండం పెట్టాలి. మరి మన చెరకులోకి వచ్చినదాన్ని ఏం చెయ్యాలో ఎవరు తీస్తారు?' మా గజపతి జిల్లా లఖారీ లోయ నుంచి ఏనుగులు శ్రీకాకుళం, పార్వతీపురం వైపు దిగి పంటలు తొక్కడం ఇక్కడ అందరికీ తెలిసిన కష్టం. మనుషులూ పోయారు, ఏనుగులూ పోయాయి. నా తీర్పులో చివరి వాక్యం ఆ పెద్దాయన మాట నుంచే పుట్టింది: 'ప్రేమను ఇంత దగ్గరగా చూపిన చిత్రం, పొలం గట్టు దగ్గర జరిగే పోరు జోలికి పెద్దగా వెళ్లలేదు.' అలా రాసినందుకు కొందరు నొచ్చుకున్నారు. ఇప్పుడు రాసినా ఆ వాక్యం ఉంచుతాను.

అదే ఏడాది ఆస్కార్ పోటీలో నిలిచిన ఇంకో చిత్రం, షౌనక్ సేన్ తీసిన 'ఆల్ దట్ బ్రీత్స్'. ఢిల్లీలో గాయపడిన గద్దలకు వైద్యం చేసే అన్నదమ్ముల కథ. మొదటి దృశ్యంలో గద్దలు లేవు, అన్నదమ్ములూ లేరు. రాత్రిపూట ఒక చెత్త మైదానంలో ఎలుకలు. కెమెరా నేలకు ఆనుకుని నెమ్మదిగా కదులుతుంది, వెనక బండ్ల వెలుగులు పోతుంటాయి. ఊరంటే మనుషులది మాత్రమే అనుకునే మన కంటిని దర్శకుడు ఒక్క మాట లేకుండా ఎలుక ఎత్తుకు దించాడు. దాన్ని ఉన్నది ఉన్నట్టు తీసినది అనడం అంత శ్రమనూ తీసిపారేయడమే.

అపోహ: అవార్డు సినిమా మనలాంటివాళ్లకు అర్థం కాదు.

2024లో ఫ్రాన్స్‌లోని కాన్ సినిమా ఉత్సవంలో రెండో పెద్ద బహుమతి గ్రాండ్ ప్రి అందుకున్న పాయల్ కపాడియా చిత్రం 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్'. ముప్పై ఏళ్ల తరువాత అక్కడి ప్రధాన పోటీకి వెళ్లిన భారతీయ చిత్రం. మన దేశంలో దాన్ని విడుదల చేసింది రానా దగ్గుబాటి సంస్థ. మలయాళం మాటలను నేను తెలుగులో చెప్తుంటే పక్కింటి ఆడవాళ్లు నలుగురు చూశారు. ముంబైలో పనిచేసే నర్సుకు, ఎప్పుడో జర్మనీ వెళ్లి మాటలు తగ్గించేసిన భర్త నుంచి ఒక రైస్ కుక్కర్ వస్తుంది. ఉత్తరం లేదు. ఒక రాత్రి ఆమె నేల మీద కూర్చుని ఆ కుక్కర్‌ను కావలించుకుంటుంది.

ఆ దృశ్యానికి నేను ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఈ జిల్లాల నుంచి మగవాళ్లు సూరత్ మగ్గాలకు, కేరళ పనులకు వెళ్తారు. చూస్తున్న నలుగురిలో ఇద్దరి భర్తలు దూరానే ఉన్నారు. ఒకామె 'ఆపమ్మా కాసేపు' అంది. ఆపాను. మంచినీళ్లు తాగి వచ్చి మళ్లీ కూర్చుంది.

అపోహ: కలెక్షన్లే తీర్పు. సర్టిఫికెట్ చూస్తే స్థాయి తెలుస్తుంది. రివ్యూలు సినిమాను చంపేస్తాయి.

ఈ మూడింటికీ క్లుప్తంగా చెప్తాను. పోస్టరు మీద వేసే అంకె చాలాసార్లు గ్రాసు, అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం. పన్నూ, థియేటరు ఖర్చులూ పోగా డిస్ట్రిబ్యూటరుకు మిగిలే షేరు వేరు. రెండింటిలో దేనికీ సినిమా మంచి చెడ్డలతో సంబంధం లేదు. సర్టిఫికెట్ చెప్పేది వయసు గురించి. 2024 నిబంధనలతో యూఏలోనే, అంటే పిల్లలు పెద్దల తోడుతో చూడదగ్గ తరగతిలోనే, 7+, 13+, 16+ అని మూడు తరగతులు వచ్చాయి, పిల్లలున్న ఇళ్లు వాటిని చూడటం మంచిది. ఇక విడుదలైన మూడు రోజుల వరకు రివ్యూలు రాకుండా ఆపాలని తమిళ నిర్మాతల సంఘం ఒకటి 2024లో మద్రాసు హైకోర్టుకు వెళ్తే, అభిప్రాయం చెప్పే హక్కును అలా ఆపలేమని కోర్టు అంది. నేను మాత్రం మొదటి ఆట నుంచి బయటికి రాగానే రాయను. నచ్చినా నచ్చకపోయినా ఒక రాత్రి ఆగుతాను.

అపోహ: తెలుగువాళ్లు తెలుగు సినిమా గురించి రాస్తే చాలు.

సరిహద్దులో ఉంటూ అలా రాస్తే సగం కన్ను మూసుకున్నట్టే. నీలమాధవ్ పండా తీసిన ఒడియా చిత్రం 'కలీర అతీత' జాతీయ అవార్డు పొందింది. కేంద్రాపడా జిల్లాలో సాతభాయా ఊళ్లను సముద్రం మింగేసింది. తుఫాను వస్తుంటే అక్కడికే తిరిగి వెళ్లిన ఒక మనిషి కథ ఇది. దాదాపు సినిమా అంతా పితోబాష్ ఒక్కడే కనిపిస్తాడు. నా తీర్పు: 'రెండో నటుడు సముద్రం. మాట తక్కువ, గాలి ఎక్కువ. ఉద్దానంలో తిత్లీ తుఫాను చూసినవాళ్లకు ఏ మాటా కొత్తగా వివరించనక్కర్లేదు.'

ఈ వారం మూడు చిత్రాలు చూశాను. రెండింటికి రాశాను. మూడోది గంజాం వైపు ఒడియాలో ఉంది, అందులో ముసలావిడ పాడిన పాట నాకు సగమే అందింది. పక్కింటి మామయ్యది ఆ వైపే. ఆదివారం వచ్చి కూర్చుంటానన్నారు. ఆయనతో ఇంకోసారి చూశాక రాస్తాను.