చిరుత కంటే ముందు రోడ్డొచ్చింది: అలిపిరి నడకదారి గొడవ ఎక్కడ మొదలైంది?

తిరుమల కొండెక్కే అలిపిరి మెట్ల పక్కన చిరుత కనబడిందని ఒక వీడియో బయటికొస్తుంది. వెంటనే రాత్రి నడక ఆపేయాలా, దారి పొడవునా కంచె వేయాలా, చిన్నపిల్లలతో ఎక్కొచ్చా అని అందరూ మళ్లీ మొదటికొస్తారు. 2023 నుంచి ఇదే వరస. ఏడు కొండల పేర్లు, రామానుజులు మోకాళ్ల మీద ఎక్కిన కథ, రాయలవారి కానుకలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. ఆ ఏడాది పిల్లల మీద జరిగిన దాడుల దగ్గర మొదలుపెట్టినా ఈ గొడవ సగమే అర్థమవుతుంది. నన్నడిగితే దీని మూలం 1944లో ఉంది.

ఆ ఏడాది ఏప్రిల్ 10న మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు ప్రారంభించాడు. అంతకు పదకొండేళ్ల ముందే, 1933లో, కొండ పెత్తనం హథీరాంజీ మఠం మహంతుల చేతిలోంచి టీటీడీ కమిటీకి మారింది. కొత్తగా వచ్చినవాళ్లు తలకెత్తుకున్న పెద్ద పనుల్లో ఈ రోడ్డొకటి. అప్పటిదాకా ఎంతటివాడైనా కాలినడకన ఎక్కాలి, లేదా డోలీలో కూర్చుని నలుగురి భుజాల మీద వెళ్లాలి. మూడో దారి లేదు.

మూడో దారి లేదు కాబట్టే పాత దారి ఆగడానికి వీలుగా కట్టిన దారి. ఇప్పుడు మనం ఫొటో తీసుకుని దాటిపోయే ప్రతి మండపానికీ ఒకప్పుడు పనుండేది. కింద పాదాల మండపం దగ్గర స్వామి పాదరక్షలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేసి బయల్దేరతారు. అక్కడే నేల మీద రాతిలో చెక్కిన సాష్టాంగ నమస్కారం బొమ్మలున్నాయి. ఎవరో బోర్లా పడుకుని చేతులు చాచినట్టు, ముఖం కనబడకుండా, జనం కాళ్ల కింద అరిగి అరిగి నడుము ఎక్కడో మోకాలు ఎక్కడో తెలియకుండా పోయిన రూపాలు. చాలామంది వాటిని చూడకుండానే దాటిపోతారు. కాస్త పైకెళ్తే తలయేరు గుండు. దానికి తల ఆనించి, మోకాళ్లు ఆనించి మొక్కితే కొండెక్కే నొప్పులు రావంటారు. నిజమో కాదో గానీ ఎక్కేవాడు అక్కడ ఓ నిమిషం ఆగుతాడు, ఊపిరి పీల్చుకుంటాడు, వెనకబడ్డవాళ్లు కలుస్తారు. ఆ తర్వాత మట్ల అనంతరాజు కట్టించినదిగా చెప్పే గాలిగోపురం. రాత్రిపూట తిరుపతి ఊళ్లోంచి చూస్తే కొండ మీద వెలుగుతూ కనబడేది అదే. నిట్టనిలువు మెట్లు అక్కడికి అయిపోతాయి. మొత్తం 3,550 మెట్లంటారు గానీ అసలు కష్టమంతా గాలిగోపురం లోపే, మళ్లీ చివర్లో మోకాళ్ల మెట్టు దగ్గర. మధ్యలో ఉన్నది అడవి, చాలావరకు సమంగా సాగే నడక. అన్నమయ్య పిల్లవాడిగా ఎక్కుతూ మోకాళ్ల మెట్టు దగ్గర వెదురు పొద కింద అలసి నిద్రపోయాడనే కథ కూడా ఈ దారిదే. మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి ఎక్కే ఆడవాళ్లని ఇప్పటికీ చూస్తాం. వాళ్లే పాత వేగంతో నడుస్తున్నవాళ్లు.

రోడ్డు పడ్డాక మొదట జరిగింది, నడక అవసరం కాకుండా పోయి మొక్కుగా మిగలడం. 1970ల్లో రెండో ఘాట్ రోడ్డు కూడా వచ్చాక ఒకటి ఎక్కడానికి, ఒకటి దిగడానికి సరిపోయాయి. ఊరు పైన పెరిగింది, సత్రాలు పైన పెరిగాయి, డబ్బూ శ్రద్ధా అటే పోయాయి. దారిలో ఆగి సేదతీరే అలవాటు పోయింది.

రెండో సంగతి అంతగా ఎవరూ మాట్లాడనిది. గాలిగోపురం దాటాక జింకల పార్కు, ఏడో మైలు, అక్కడి పెద్ద ఆంజనేయుడి విగ్రహం, అక్కడినుంచి మోకాళ్ల మెట్టు దాకా నడకదారి చాలా మేర దిగే ఘాట్ రోడ్డు పక్కనే పోతుంది. ఒక పక్క అవ్వాచారి కోన లోయ, ఇంకో పక్క కొండ, మధ్యలో బస్సులూ మనుషులూ. లోయలోంచి పైకి రావాల్సిన జంతువు రోడ్డూ దాటాలి, నడకదారి మీద లైట్లు వెలిగే షెడ్డూ దాటాలి. 2023లో రెండు దాడులూ ఈ మధ్య భాగంలోనే జరిగాయి. జూన్‌లో ఏడో మైలు దగ్గర ఒక చిన్న పిల్లవాడిని చిరుత ఎత్తుకుపోతే జనం కేకలకు వదిలేసింది, బతికాడు. ఆగస్టు 11 రాత్రి లక్ష్మీనరసింహస్వామి గుడి దగ్గర ఆరేళ్ల పాప చనిపోయింది. మ్యాపు పక్కన పెట్టుకుని చూస్తే ఇది యాదృచ్ఛికం అని నాకైతే అనిపించదు.

(రోడ్డు వల్ల ఒక్క మంచి జరిగిందని ఒప్పుకోవాలి. ఘాట్ రోడ్డు కోతలో కింద పాత గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు, రెండింటి మధ్య గీత గీసినట్టు ఒక హద్దు కనిపిస్తుంది. కింది రాయికీ పై రాయికీ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల తేడా ఉందని భూగర్భ శాస్త్రవేత్తల లెక్క. ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అని పేరుపెట్టి జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. పైన చక్రతీర్థం దగ్గర శిలాతోరణానికి బస్సులు బస్సులుగా జనం వెళ్తారు గానీ దీని దగ్గర బండి ఆపేవాడు లేడు. మలుపుల్లో ఆపనివ్వరు కూడా.)

మళ్లీ అసలు విషయానికొస్తే, మొక్కుగా మిగిలిన దారికి జనాన్ని తిరిగి తెచ్చింది దర్శనం టోకెన్లు. నడిచొచ్చేవాళ్లకి దివ్యదర్శనం అని విడిగా క్యూ పెట్టాక మొక్కు లేనివాళ్లు కూడా మెట్లెక్కడం మొదలుపెట్టారు. కొవిడ్‌లో ఆగిన టోకెన్లు 2023 ఏప్రిల్‌లో మళ్లీ మొదలయ్యాయి, అలిపిరి దారిలో రోజుకు పది వేలు, శ్రీవారి మెట్టు అనే ఇంకో నడకదారిలో ఐదు వేలు. జూన్‌లో మొదటి దాడి. టోకెన్లే చిరుతని తెచ్చాయని అనను, అంత తేలిక లెక్క కాదు. కానీ టోకెన్ కోసం ఎక్కేవాడు మండపాలు చూసుకుంటూ వెళ్లడు. రాత్రి రైలు దిగి, ఎండ తగలకుండా పొద్దున్నే పైన ఉండాలని చీకట్లోనే ఎక్కుతాడు. పిల్లలు ముందు పరిగెత్తుతారు, పెద్దవాళ్లు వెనకబడతారు. అంతకుముందే 2021లో దారి కొన్ని నెలలు మూసి పైకప్పు కొత్తగా వేశారు. పైన కప్పు, రాత్రంతా లైట్లు, పక్కన టీ కొట్లు ఉంటే అడవిలో ఉన్నామన్న స్పృహ ఎవరికుంటుంది?

టీటీడీ చెప్పే మాట ఒక్క ముక్కలో చెప్పొచ్చు: భక్తుల ప్రాణాలు ముఖ్యం, వచ్చేవాళ్లని రావద్దనలేం, కాబట్టి కాపలా పెంచుతాం, కంచెకు అనుమతివ్వండి. దాడుల తర్వాత పదిహేనేళ్ల లోపు పిల్లల్ని పొద్దున ఐదు నుంచి మధ్యాహ్నం రెండు వరకే అనుమతించారు. పెద్దవాళ్లకు రాత్రి పది దాటాక మూసేశారు. గుంపులుగా పంపారు, చేతికి కర్రలిచ్చారు. కర్రల మీద వచ్చినన్ని జోకులు ఇంకేదాని మీదా రాలేదు గానీ, అడవిదారిలో కర్ర పట్టుకోవడం మన తాతల పద్ధతే.

అటవీశాఖవాళ్లు, వన్యప్రాణుల మీద పనిచేసేవాళ్లు చెప్పేది కాస్త ఓపిగ్గా వినాలి. 1989 నుంచి ఇక్కడ శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్క్ ఉంది. 2010లో ఈ శేషాచలం కొండల్ని బయోస్ఫియర్ రిజర్వ్‌గా, అంటే జీవజాలాన్ని కాపాడే రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. దారి రెండు వైపులా కంచె కడితే అడవి నిలువునా రెండు ముక్కలవుతుంది, అందుకే జంతువులు దాటడానికి కింద నుంచో పైనుంచో వేరే దారులు కట్టమంటున్నారు. అన్నిటికంటే ముఖ్యం తిండి. దారి పక్కన పారేసిన ఎంగిలికి కుక్కలూ అడవిపందులూ చేరతాయి, వాటి కోసం చిరుత వస్తుంది. జింకలకు చిరుతిండి పెట్టి మనుషుల దగ్గరికి అలవాటు చేసినా అదే ఫలితం. 2023లో కొన్ని వారాల తేడాతో ఒకదాని తర్వాత ఒకటిగా చిరుతలు బోనుల్లో పడ్డాయి. ఒకదాన్ని తీసుకెళ్తే ఖాళీ అయిన చోటికి ఇంకోటి వస్తుంది, ఎర అలాగే ఉంది కదా. కొట్లవాళ్లను అంటే వాళ్లకు కోపం వస్తుంది, వాళ్ల బతుకుతెరువు వాళ్లది. కానీ కొట్టు ఉన్నచోట చెత్తబుట్టకి మూత కూడా ఉండాలని అడగడం పాపమేమీ కాదు.

కంచె విషయం హైకోర్టు దాకా వెళ్లింది. ఈ వాదనల్లో ఎవరూ ఎత్తనిది ఆ పాత మండపాల సంగతి. కొండ మీద స్వామి వేట ఉత్సవం జరిగే పార్వేట మండపాన్ని 2023లోనే కూల్చి కొత్తగా కట్టారు, అది పెద్ద గొడవైంది. మండపం అంటే ఇప్పుడు శిథిలమో, లేకపోతే కూల్చి కట్టాల్సిన కట్టడమో అయిపోయింది. పొద్దుగూకాక బయల్దేరినవాళ్లను గాలిగోపురం దగ్గరే ఆపి, అక్కడ పడుకోవడానికి చోటూ నీళ్లూ మరుగుదొడ్లూ ఇచ్చి, తెల్లారాక పంపితే ఏడో మైలు నుంచి మోకాళ్ల మెట్టు దాకా ఉన్న ముక్క రాత్రంతా జంతువులకు వదిలేయొచ్చు. దీనికి కొత్త అనుమతులేమీ అడవి మధ్యలో అక్కర్లేదు. దర్శనం టైము మాత్రం మార్చాలి, రాత్రి ఆగినవాడి టోకెన్ పొద్దున చెల్లేలా. ఇన్నేళ్ల చర్చల్లో కంచె ఎత్తు ఎంతుండాలన్న మాట వినబడింది గానీ ఈ టైము మార్చడం గురించి గట్టిగా అడిగినవాళ్లు నాకు కనబడలేదు.