స్టవ్ కట్టేశానా? కోడ్ సరిచూశానా?

రాత్రి పదకొండింటికి, రాసిన ప్రోగ్రామ్ కోడ్‌ని టీమ్ అంతా వాడే సర్వర్‌కి పంపి (పుష్ చేసి) ల్యాప్‌టాప్ మూసేస్తాం. పక్క మీద వాలామో లేదో అనుమానం: డేటాబేస్ పాస్‌వర్డ్ అందులోంచి తీసేశానా? లేచి చూస్తాం. తీసేసే ఉంటుంది. అరగంటకి మళ్లీ అదే టెన్షన్. మూడోసారి చూసొచ్చాక కూడా, చూసిన సంగతి కళ్లకు కట్టినట్టు గుర్తుండదు. ఈ వయసుకే మతిమరుపా అని అప్పుడు పట్టుకునే భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఏళ్ల తరబడి ఈ ప్రోగ్రామింగ్ పనిలోనే ఉన్నాను.

మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కిండ్ట్ అనే డచ్ పరిశోధకులు 2003లో ప్రచురించిన ప్రయోగం గురించి చదివాక ఆ భయం చాలా తగ్గింది. కంప్యూటర్ తెర మీద ఒక గ్యాస్ స్టవ్ బొమ్మ పెట్టి, కొందరి చేత పదే పదే సరిచూయించారు. మిగతావాళ్లు ఆ సమయంలో బల్బులు సరిచూశారు. చివర్లో అందరూ స్టవ్‌నే ఒకసారి చూశారు. ఆ చివరిసారి ఏయే బర్నర్లు చూశారని అడిగితే, రెండు గుంపులూ దాదాపు సమానంగానే సరిగ్గా చెప్పాయి. స్టవ్‌ని పదే పదే చూసినవాళ్లకు మాత్రం ఆ జ్ఞాపకం మసకగా తోచింది, దాని మీద నమ్మకమూ సడలింది. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేస్తే మనసు వివరాలను పట్టించుకోవడం మానేస్తుందని, అందుకే ఇలా జరుగుతుందని వాళ్ల వివరణ.

మా పనిలో జాగ్రత్త తప్పనిసరి. ఒక్క బ్రాకెట్ పోయినా ప్రోగ్రామ్ నడవదు. అయితే మనస్తత్వ శాస్త్రవేత్తలు పాల్ హెవిట్, గోర్డన్ ఫ్లెట్ 1991లో పర్ఫెక్షనిజాన్ని, అంటే ఏ లోపమూ ఉండకూడదనే పట్టుదలని, మూడు రకాలుగా విడదీశారు: మన నుంచి మనం కోరేది, ఎదుటివాళ్ల నుంచి కోరేది, లోకం మన నుంచి కోరుతోందని మనం అనుకునేది. మన కోడ్‌ని తోటివాళ్లు పరిశీలించే కోడ్ రివ్యూకి ముందు గుండె దడదడలాడించేది ఈ మూడోదే అని నా అభిప్రాయం.

ఆ దడకి మూల్యం ఉంది. మనసు అప్పటికప్పుడు పట్టి ఉంచుకోగలిగేవి సుమారు నాలుగు విషయాలేనని మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ 2001లో లెక్కగట్టారు. 'తప్పు దొరికితే ఏమంటారో' అనే ఆందోళన ఆ కొద్ది చోటులోనే వచ్చి కూర్చుంటుంది. ఫైల్ తెరిచి, ఎందుకు తెరిచామో తోచక చూస్తూ ఉండిపోయేది అందుకే. ధ్యాస మరోచోట ఉంటే విషయం అసలు మనసులోకే ఎక్కదు, ఇక గుర్తెలా వస్తుంది?

అలాగని మరుపు అంతా టెన్షన్ వల్లే అని సరిపెట్టుకోకండి. బి12 లోపం, థైరాయిడ్, నిద్రలేమి, డిప్రెషన్ కూడా జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తాయి. ఇబ్బంది వారాల తరబడి ఉంటే డాక్టర్‌కి చూపించుకోవాలి.

పాస్‌వర్డ్‌లు వెతికే పని ఇప్పుడు నేను ఒక స్క్రిప్ట్‌కి, అంటే తనంతట తానే నడిచే చిన్న ప్రోగ్రామ్‌కి, అప్పగించాను. పుష్ చేసిన ప్రతిసారీ అదే చూస్తుంది. మిగిలినవి ఒక్కసారి, తొందర లేకుండా చూసి, టైమ్ వేసి నోట్‌బుక్‌లో రాస్తాను. రాత్రి అనుమానం వస్తే ల్యాప్‌టాప్ తెరవను. ఆ పేజీ చూసి పడుకుంటాను.