రేడియేటర్ పైన చల్లగా, కింద వేడిగా ఎందుకుంటుంది?

"బాయిలర్ పనిచేస్తోంది, పంపు తిరుగుతోంది, మిగతా గదులు వెచ్చగానే ఉన్నాయి. ఒక్క రేడియేటర్ మాత్రం కింద కాలుతోంది, పైన చల్లగా ఉంది. వేడి పైకి పోవాలి కదా, ఇదేమిటి?" అని ఒక పాఠకురాలు అడిగారు. నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇది. బాయిలర్‌లో కాగిన వేడినీళ్లు తిరుగుతూ గదిని వెచ్చబరిచే రేడియేటర్ల గురించే చెబుతాను. ఆవిరితో, కరెంటుతో నడిచేవాటి సంగతి వేరు.

పైన చల్లగా ఉందంటే అక్కడ నీళ్లు లేవు, గాలి ఉంది. చాలా రేడియేటర్లకు నీళ్లు వచ్చే గొట్టం, పోయే గొట్టం రెండూ కింది మూలల్లోనే ఉంటాయి. నీళ్లు ఆ గాలి కిందుగా సాగి, అవతలి మూల నుంచి వెళ్లిపోతాయి. గాలి తేలిక కాబట్టి కిందికి దిగి బయటపడలేదు. పోనీ, ఆ గాలే వేడిని మోయొచ్చు కదా? మోయలేదు. లీటరు నీళ్లు ఒక్క డిగ్రీ చల్లబడితే సుమారు 4,200 జౌళ్ల వేడి వస్తుంది. మామూలు పీడనంలో లీటరు గాలి ఇచ్చేది 1.2 జౌళ్లే.

మరి అంతా బిగించి ఉన్న గొట్టాల్లోకి గాలి ఎలా వచ్చింది? చాలావరకు నీళ్లతోపాటే వచ్చింది. గాలి తగిలే నీళ్లు 10 డిగ్రీల దగ్గర లీటరుకు 11 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్‌ను కరిగించుకుంటాయి, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. నైట్రోజన్ ఇంకా ఎక్కువ కరుగుతుంది, అదీ వేడికి ఇలాగే బయటపడుతుంది. బడిలో ద్రావణీయత పాఠం పంచదారతో మొదలై పంచదారతోనే అయిపోతుంది. వేడి చేస్తే ఎక్కువ కరుగుతుందన్న మాటే పిల్లలకు గుర్తుంటుంది. వాయువుల తీరు దీనికి తలకిందులని కూడా అదే రోజు చూపించాలి. దానికి పరికరాలేమీ అక్కర్లేదు. గిన్నెలో నీళ్లు కాస్తే, మరగడానికి చాలా ముందే అడుగున సన్నని బుడగలు అంటుకుంటాయి. అవి ఆవిరి కాదు, కరిగి ఉన్న గాలే. బాయిలర్‌లోనూ జరిగేది ఇదే.

దీనికి పీడనం కూడా తోడవుతుంది. హెన్రీ నియమం ప్రకారం పీడనం తగ్గినకొద్దీ వాయువు కరగడమూ తగ్గుతుంది. నీటి పీడనం 10 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్ (పీడనపు కొలత) చొప్పున, అంటే ఒక్కో అంతస్తుకు 0.3 బార్ దాకా పడిపోతుంది. పైగా బుడగలు ఎటూ పైకే ఎక్కుతాయి. అందుకే పై అంతస్తు రేడియేటర్లే తరచు ముందు మొరాయిస్తాయి. రాత్రిపూట గోడలోంచి గుడగుడ వినిపిస్తే దయ్యమని హడలిపోయేవాళ్లున్నారు. అది నీళ్లతో కలిసి గాలి కదులుతున్న చప్పుడు. భయపడకుండా చెవి ఆనించి వినండి, గాలి ఎక్కడుందో అదే చెబుతుంది.

ఇక చేయాల్సింది తేలికే. హీటింగ్ ఆపి, నీళ్లు చల్లారనివ్వండి. రేడియేటర్ పై చివరన ఉండే చిన్న వాల్వ్‌ను దాని తాళంచెవితో అర చుట్టుకు మించకుండా వదులు చేయండి. బుస్సుమని గాలి పోయి నీళ్లు రాగానే బిగించండి. తర్వాత బాయిలర్ ప్రెషర్ చూడండి. నీళ్లు చల్లగా ఉన్నప్పుడు చాలా ఇళ్లలో 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి.

పైన వేడిగా ఉండి కింద, మధ్యలో చల్లగా ఉంటే గాలి తప్పు కాదు, నల్లటి తుప్పు బురద పేరుకుంది. మొత్తం చల్లగా ఉంటే, గది వేడిని బట్టి నీళ్లను తగ్గించే థర్మోస్టాట్ వాల్వ్‌లోని పిన్ను ఇరుక్కుందేమో చూడాలి, నెలల తరబడి కదలకపోతే అలా పట్టేస్తుంది. బాయిలర్‌కు దూరంగా ఉన్నవే వేడెక్కకపోతే, దగ్గరివాటికి నీళ్లు ఎక్కువగా పోతున్నాయి, వాటి వాల్వ్‌లు కొంచెం తగ్గించాలి.

గాలి తీసిన కొద్ది వారాలకే మళ్లీ చేరుతుంటే మాత్రం జాగ్రత్త పడాలి. ఎక్కడో నీళ్లు కారుతుండవచ్చు. తగ్గిన నీళ్లు నింపినప్పుడల్లా కొత్త గాలి లోపలికి వస్తుంది. లేదా లోపలి ఇనుమే నీటితో చర్య జరిపి నల్లటి ఇనుప ఆక్సైడ్ అయిన మాగ్నటైట్‌గా మారుతూ హైడ్రోజన్‌ను వదులుతుండవచ్చు. ఇందాక చెప్పిన నల్ల బురద చాలావరకు ఆ మాగ్నటైటే. హైడ్రోజన్ మండే వాయువు, కాబట్టి వాల్వ్ తెరిచేటప్పుడు దగ్గర్లో మంట ఉండకూడదు. ఇలా లోపల తుప్పు పడుతుంటే ఎన్నిసార్లు గాలి తీసినా జబ్బు నయం కాదు. మెకానిక్‌తో గొట్టాలు కడిగించి, తుప్పును ఆపే రసాయనం కలిపించాలి.