సరంగు మామ చేతికి అందాలి

చిన్నూకి, చిట్టికి, తాతయ్య రాస్తున్నది.

నిన్న ఫోన్‌లో చెప్పబోతే మీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, నేను చెప్పిన కొలతలు ఎవరూ రాసుకోలేదని నాకు తెలుసు, అందుకే పద్మారావు నగర్ నుంచి మియాపూర్‌కి ఉత్తరం రాస్తున్నా. దీన్ని పారేయకండి, పని చేసే టేబుల్ ముందు గోడకి అంటించుకోండి.

కిట్ కొని మీరు చేస్తున్న ఎండెవర్ బొమ్మ ఓడ ఒళ్ళు పూర్తయింది అన్నారు, చెక్క బద్దలన్నీ అతికి సాండ్ పేపర్ కొట్టడం కూడా అయిపోయింది అన్నారు, చాలా సంతోషం వేసింది. ఇప్పుడు డబ్బాలో మిగిలిన సామాను, అంటే ఫిరంగులు, కప్పీలు (తాడు జారే గిలకలు), తాళ్ళు చుట్టే మేకులు, దారం, అవన్నీ చకచకా అతికించేసి దసరాకి బొమ్మల కొలువులో పెట్టేద్దాం అని చిట్టి అంది. ఆగు తల్లీ. అసలు పని ఇక్కడే మొదలవుతుంది. కిట్ చేసేవాళ్ళు ఒకే సైజు కప్పీని పది రకాల ఓడలకి పెడతారు, అందుకే అది మీ ఓడకి సరిపోవాలని లేదు. ఏది ఉంచాలి, ఏది పక్కన పెట్టి మన చేత్తో చేసుకోవాలి అన్నది తేల్చుకోవాలి.

తేల్చుకోవడం ఎలాగో చెప్తా. నేను మొదట చేసిన ఓడ మీకు గుర్తుందా, హాల్లో అద్దాల పెట్టెలో ఉంటుంది, అందరూ బాగుంది అంటారు. అది పూర్తయిన కొత్తలో కాకినాడ నుంచి ఒక పెద్దాయన ఇంటికొచ్చారు, జీవితమంతా ఓడల మీద పనిచేసినాయన. చాలాసేపు వంగి చూసి, తాళ్ళు చుట్టే మేకుల దగ్గర వేలు పెట్టి, "ఈ మేకులు ఎవరి చేతికండీ?" అని అడిగారు. అంతే, ఇంకేమీ అనలేదు. ఆయన వెళ్ళాక స్కేలు తీసి కొలిచాను. కిట్‌లో వచ్చిన మేకు 10 మిల్లీమీటర్లు, ఓడ స్కేలు 1:64, అంటే బొమ్మ మీద ఒక మిల్లీమీటరు అసలు ఓడ మీద 64 మిల్లీమీటర్లు, ఆ లెక్కన అసలు ఓడ మీద అది 64 సెంటీమీటర్లు అవుతుంది! మనిషి మోచేతికంటే పెద్దది. అసలు ఓడల్లో అది దాదాపు 40 సెంటీమీటర్లు ఉండేది, ఒక్క చేత్తో లాగి తీసేట్టు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ముప్పై ఏళ్ళు టూల్ రూమ్‌లో కొలతల మీద బతికినవాణ్ణి, ఒక్కసారి 64తో గుణించి చూడలేదే అని.

అప్పటినుంచి ఏ ఓడ మొదలుపెట్టినా ముందు మనిషిని చేస్తా. మీరూ చెయ్యండి. అప్పటి నావికుడు ఐదున్నర అడుగులు అనుకుంటే, మీ ఓడ స్కేలు కూడా 1:64 కాబట్టి, దాదాపు 26 మిల్లీమీటర్లు వస్తాడు, కార్డు ముక్క కత్తిరించి కింద చిన్న చెక్క దిమ్మ అతికిస్తే నిలబడతాడు. సరంగు అంటే ఓడ నావికుల పెద్ద, అందుకే నేను నా వాణ్ణి సరంగు మామ అంటాను. వాణ్ణి డెక్కు (ఓడ పై నేల) మీద నిలబెట్టి ప్రతి వస్తువు పక్కకీ తీసుకెళ్ళండి. ఈ తలుపులో పడతాడా, ఈ మెట్టు ఎక్కగలడా, ఈ చుక్కాని చక్రం చేతికి అందుతుందా, ఈ మేకు పిడికిట్లో ఇముడుతుందా. వాడి చేతికి అందనిది ఏదైనా తీసేసి మళ్ళీ చేసుకోవాలి, ఎంత అందంగా ఉన్నా సరే.

మీది ఎండెవర్ కాబట్టి మన అదృష్టం. 1764లో ఇంగ్లండులో విట్బీ అనే ఊళ్ళో బొగ్గు మోయడానికి కట్టిన ఓడ అది, 1768లో నేవీ వాళ్ళు కొని సముద్రయాత్రలు చేసిన జేమ్స్ కుక్‌కి ఇచ్చారు. కొన్నప్పుడు కొలతలు తీసి గీసిన నక్షాలు ఇప్పటికీ గ్రీనిచ్ మ్యూజియంలో ఉన్నాయి, అదీగాక ఆస్ట్రేలియా వాళ్ళు అచ్చం అలాంటి ఓడే కట్టి 1994లో పూర్తి చేశారు, దాని ఫోటోలు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. చిన్నూ అడిగాడు కదా, ఇంగ్లీషోళ్ళ ఓడ ఎందుకు తాతయ్యా, మన ఓడలు లేవా అని. ఎందుకు లేవురా! సాతవాహనుల నాణేల మీదే రెండు తెరచాప స్తంభాల ఓడ ఉంది. కాకినాడ పక్కన కోరంగిలో తెరచాప ఓడలు కట్టేవాళ్ళు, 1839 తుఫానులో ఆ ఊరు కొట్టుకుపోయింది గానీ దాని పేరు సముద్రం దాటి బర్మాలో మనవాళ్ళందరికీ కోరంగీలు అని స్థిరపడిపోయింది. అలాంటి ఓడ ఒకటి కిట్ లేకుండా చెయ్యాలని నా కోరిక, దానికి ముందు మీ చేతులు తయారవ్వాలి.

సరే, డెక్కు. మీ కిట్‌లో ప్లైవుడ్ మీద గీతలు ప్రింట్ చేసి ఇచ్చారు, దాని మీదే విడివిడి బద్దలు పరవండి. అసలు డెక్కు బద్ద పది అంగుళాల వెడల్పు అనుకుంటే మనకి 4 మిల్లీమీటర్లు, ఇరవై అడుగుల పొడవంటే 95. అణియం (ముందు కొస) నుంచి అమరం (వెనక కొస) దాకా ఒకే పొడుగు బద్ద వేసేయకండి, అంత పొడుగు చెక్క ఎవడికీ దొరకదు, 95 దగ్గర కోసి అతకండి, పక్క వరసలో అతుకు అదే చోట పడకుండా జరపండి, మేస్త్రీ ఇటుకలు పేర్చినట్టు. అసలు ఓడల్లో బద్దల సందుల్లో పాత తాళ్ళ నార కూరి తారు పోసేవాళ్ళు, ఆ నల్ల గీతే మనకి కనపడాలి. ఎంత మందం? అసలు సందు పావు అంగుళం అనుకోండి, 64తో భాగిస్తే మిల్లీమీటర్‌లో పదో వంతు వస్తుంది, అంటే మామూలు కాగితం మందం! కాబట్టి నల్ల కాగితం సన్నగా కోసి బద్ద అంచుకి అతికిస్తే చాలు. కొంతమంది అంచుకి పెన్సిల్ రుద్దుతారు, అది కూడా సరే, కానీ తర్వాత సాండ్ పేపర్ కొడితే ఆ మసి డెక్కంతా పాకుతుంది. బ్లేడుని నిలువుగా పట్టుకుని గీరండి, పాకదు.

బద్దల్ని బిగించిన మేకుల తలలు కనపడకుండా చెక్క బిరడాలు కొట్టేవాళ్ళు. అవి కూడా పెట్టొచ్చు, దీనికోసం అగరబత్తి పుల్లలు దాచమని మీ అమ్మమ్మకి ఎప్పటినుంచో చెప్తున్నా. అగరబత్తి పుల్ల వెదురు, నార పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఎంత సన్నగా లాగినా విరగదు. కంసాలి దగ్గర కమ్మచ్చు అని ఉక్కు పలక ఉంటుంది చూడండి, వరసగా పెద్ద బెజ్జం నుంచి చిన్న బెజ్జం దాకా, వెండి తీగ సాగదీయడానికి. పుల్లని ముందు బ్లేడుతో సన్నగా చీల్చి, ఒక్కో బెజ్జంలోంచి లాగుతూ అర మిల్లీమీటర్ దాకా తేవాలి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, తీగని దూర్చే వైపు నుంచి పుల్లని పెట్టకూడదు, పలక వెనక వైపు నుంచి పెట్టాలి. తీగ వైపు బెజ్జం గరాటులా ఉండి నొక్కుతుంది, వెనక వైపు అంచు పదునుగా ఉండి చెక్కుతుంది, మనకి చెక్కాలి. ఇంకో మాట, ఆ చుక్కల రంగు బద్ద రంగుకి దగ్గరగా ఉండాలి. ముదురు రంగువి పెడితే డెక్కుకి ఆటలమ్మ పోసినట్టు ఉంటుంది, చాలామంది మోడళ్ళలో నాకు నచ్చనిది అదే.

కప్పీల సంగతి. కిట్ కప్పీలు పలకల్లా ఉంటాయి, అసలువి గుడ్డు ఆకారంలో నున్నగా ఉంటాయి. పాత హార్లిక్స్ సీసా లోపల చుట్టూ సాండ్ పేపర్ అతికించి, అందులో కప్పీలు వేసి మూత పెట్టి ఊపండి, ఒకళ్ళు అలిసిపోతే ఇంకొకళ్ళు, పావుగంటలో మూలలు అరుగుతాయి. ఆ తర్వాత బెజ్జం నుంచి అంచు దాకా తాడు కూర్చోవడానికి సన్నని గాడి ఆకురాయితో గీయండి. మరీ పెద్దగా ఉన్నవి, అంటే 5 మిల్లీమీటర్లవి, కొన్ని చోట్లే పనికొస్తాయి, మిగతావాటికి 3 మిల్లీమీటర్లవి మనమే చేసుకోవాలి. దానికి అంకుడు కర్ర పంపుతున్నా, ఏటికొప్పాక బొమ్మలు చేసేది దానితోనే, తెల్లగా ఉంటుంది, నార కనపడదు, చిన్న పని మీద అంచు విరగదు. టేకు వద్దు. పెద్ద ఓడకి టేకుని మించింది లేదు గానీ దాని గీతలు ఇంత చిన్న వస్తువు మీద మరీ పెద్దగా కనపడతాయి. కర్రని ముందు పొడుగు బద్దగా చేసి, దాని మీదే గాళ్ళు తీసి, బెజ్జాలు వేసి, చివర్లో ఒక్కొక్కటీ కోయాలి. ముందే కోసేస్తే వేళ్ళతో పట్టుకోలేరు, వేలు తెగుతుంది. బోయిగూడ టింబర్ డిపోల్లో ముక్కలు అడిగితే ఇస్తారు గానీ రోజ్‌వుడ్ తెచ్చుకుంటే మాస్క్ లేకుండా సాండ్ పేపర్ పట్టొద్దు, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

తాడు గురించి ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఓడ అందమంతా తాళ్ళలోనే ఉంది. కిట్ దారం కుట్టు దారం, నూగు ఉంటుంది, దగ్గరనుంచి చూస్తే గొంగళిపురుగులా కనపడుతుంది. తాడుని మనమే పేనుకోవచ్చు. మూడు దారాలు సమానంగా, మూడు కొక్కేలకి కట్టి, మూడిటినీ ఒకే వైపు తిప్పాలి, రెండో చివర మూడూ కలిపి ఒకే కొక్కేనికి కట్టి చిన్న బరువు వేలాడదీయాలి. దారాలకి పురి బాగా ఎక్కాక ఆ చివర వదిలితే అదే వ్యతిరేక దిశలో తిరిగి మూడు పేటల తాడు అయిపోతుంది. పేటలు ఒకవైపు విప్పుకోవాలని చూస్తాయి, తాడు ఇంకోవైపు విప్పుకోవాలని చూస్తుంది, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, అందుకే విడిపోదు. మీ అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో జనపనార తాళ్ళు ఇలాగే పేనేవాళ్ళు. పేనితే పొడవు బాగా తగ్గుతుంది, ఒక మీటరు తాడు కావాలంటే మీటరున్నర దాకా దారం తీసుకోండి. పూర్తయ్యాక తేనె మైనం మీంచి లాగితే నూగు అణుగుతుంది.

రంగు కూడా ఒకటే కాదు. స్తంభాల్ని నిలబెట్టి ఎప్పుడూ కదలని తాళ్ళకి తారు పూసేవాళ్ళు, అవి నలుపుకి దగ్గరగా ముదురు గోధుమ. తెరచాపల్ని ఎత్తి దించే తాళ్ళు చేతుల్లో తిరుగుతాయి, అవి లేత రంగు. ఈ ఒక్క తేడా పాటిస్తే చాలు, ఏ తాడు ఏ పని చేస్తుందో చూసినవాడికి తెలిసిపోతుంది. స్తంభం పక్క తాళ్ళకి అడ్డంగా కట్టే మెట్ల తాళ్ళు ఉన్నాయి కదా, సరంగు మామ ఎక్కేవి, వాటి మధ్య 5 నుంచి 6 మిల్లీమీటర్లు. వెనకాల గీతల కాగితం పెట్టుకుని ఒక్కో ముడి వెయ్యండి, ఫెవిక్విక్‌తో అతికించేయకండి, అది తెల్లగా పొర కడుతుంది, తాడు పుల్లలా బిగుసుకుంటుంది. గట్టిగా లాగొద్దు కూడా, లాగితే నిలువు తాళ్ళు నడుం దగ్గర లోపలికి వంగిపోతాయి. వందల ముళ్ళు ఉంటాయి, రోజుకి ఒక గంట చాలు. ఆదివారం హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ బోట్లు తిరుగుతుంటే మీ నాన్నని తీసుకెళ్ళమనండి, తాడు కప్పీలోంచి ఎటు పోతుందో ఒక్కసారి కళ్ళతో చూస్తే నా ఉత్తరం కంటే బాగా అర్థమవుతుంది.

ఫిరంగులు మెరిసే ఇత్తడివి ఇచ్చారు, చిట్టికి బాగా నచ్చాయని తెలుసు. కానీ తల్లీ, ఎండెవర్ ఫిరంగులు ఇనుపవి. ఎలా తెలుసంటే, 1770 జూన్‌లో ఆ ఓడ ఆస్ట్రేలియా దగ్గర పగడపు దిబ్బ ఎక్కి ఇరుక్కుపోయింది, బరువు తగ్గించడానికి ఆరు ఫిరంగుల్ని సముద్రంలోకి తోసేశారు, దాదాపు రెండొందల ఏళ్ళ తర్వాత 1969లో ఆ ఆరూ దొరికాయి, అన్నీ ఇనుపవే. ఓడ అడుగున చిల్లు పడితే ఒక తెరచాపకి నార, ఉన్ని దట్టించి, దాన్ని ఓడ కిందికి లాగి కప్పారు, నీటి ఒత్తిడికి అది చిల్లులోకి అతుక్కుని బతికారు. కాబట్టి ఫిరంగులకి మెరవని నలుపు వెయ్యండి. ప్రతి ఫిరంగికీ వెనక నుంచి రెండు పక్కలా ఓడ గోడకి లావు తాడు కట్టాలి, అది లేకపోతే పేల్చినప్పుడు ఫిరంగి వెనక్కి దొర్లి మనుషుల మీదికొస్తుంది. కిట్‌లో ఆ తాడు ఇవ్వలేదు, పాపం సరంగు మామ.

ఆ తాడు కట్టే కొంకి రింగులు రాగి తీగతో చేసుకోవచ్చు. పాత కరెంటు వైరు లోపలి సన్న పోగుని డ్రిల్ బిట్ చుట్టూ తిప్పి మెలేస్తే రింగు. రాగి మెరుస్తుంది కాబట్టి నల్లబరచాలి. ముందు చింతపండుతో తోమండి, చెంబు తోమినట్టు, చిలుము పోవాలి. తర్వాత బాగా ఉడికిన కోడిగుడ్డుని వేడిగా ఉండగానే చిదిమి, రింగులతో పాటు డబ్బాలో పెట్టి మూత బిగించి రాత్రంతా వదిలేయండి. గుడ్డులోంచి వచ్చే గంధకం వాయువు రాగిని నల్లగా చేస్తుంది. మీ అమ్మకి ముందే చెప్పండి, వాసన వస్తుంది.

అడుగుభాగానికి రాగి రేకులు అతికించమని ఎవరైనా చెప్తే వినకండి, ఎండెవర్‌కి రాగి లేదు, చెక్క తొలిచే పురుగు కోసం పైన ఇంకో పొర బద్దలు వేసి వెడల్పు తలల మేకులు దగ్గరదగ్గరగా కొట్టారు.

చివరగా మేక. నిజంగానే ఆ ఓడ మీద పాల కోసం ఒక మేక ఉండేది, అంతకుముందే ఇంకో ఓడలో ప్రపంచం ఒకసారి చుట్టొచ్చింది, కుక్‌తో రెండోసారి చుట్టింది. నిలబడితే 11 మిల్లీమీటర్లు. ఎంసీల్‌తో చెయ్యండి, కాళ్ళకి లోపల రాగి తీగ పెట్టండి.

పార్సిల్‌లో అంకుడు కర్ర, తేనె మైనం ముక్క, అగరబత్తి పుల్లల కట్ట, నా కమ్మచ్చు పెట్టాను. కమ్మచ్చు మా నాన్నది, పని అయ్యాక నూనె గుడ్డతో తుడిచి పెట్టండి. ముందు సరంగు మామని చేసి మేకుల పక్కన నిలబెట్టి ఫోటో పంపండి, మేకని డెక్కు మీద ఎక్కడ కట్టేయాలో అది చూసి చెప్తా.

మీ తాతయ్య